తగ్గేదాకా వాడిన గోళీ: సూరత్‌లో పన్నెండు రోజులు

సూరత్ పోయొచ్చానని తెలియగానే మా వీధి ఆడవాళ్లంతా నా ముఖం చూడకుండా నా సంచీ చూశారు. చీరలేవీ అని. నేను ఒక్క చీర కూడా తేలేదు. పన్నెండు రోజులున్నాను, ఆ ఊరి తిండి తృప్తిగా తిన్నాను, మా తమ్ముడి మీద తొమ్మిది నెలలుగా పడి ఉన్న తిండిపోతు అనే నిందను కడిగేసి వచ్చాను. చీరలదేముంది, సిరిసిల్లలోనూ దొరుకుతాయి. ఇంత గొప్పగా చెప్పుకుంటున్నాను కాబట్టి మధ్యలో నేను వెలగబెట్టిన ఘనకార్యం కూడా దాచకుండా చెబుతాను.

నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మా తమ్ముడు రాజేశం ఇరవై రెండేళ్లుగా సూరత్‌లో సాంచాలు నడుపుతున్నాడు. సాంచా అంటే కరెంటు మగ్గం, అక్కడా ఇక్కడా అదే పేరు. 2021 ఎండాకాలంలో కరోనా వాడిని పదకొండు రోజులు ఆసుపత్రిలో పడేసింది. బతికి బయటపడ్డాడని మేం మొక్కులు తీర్చుకునేలోపే వాడు లావవడం మొదలుపెట్టాడు. మరదలు పద్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట, ఎంత పెట్టినా చాలట్లేదని. పనిలోకి మళ్లీ సరిగ్గా దిగలేకపోయాడు. చివరికి కార్ఖానా యజమాని సేఠ్ తేల్చి చెప్పాడట, హోలీ దాకా చూస్తాను, అప్పటికీ ఒళ్లు దారికి రాకపోతే నీ సాంచాల మీదికి ఇంకొకరిని పెట్టుకుంటాను అని. ఆ మాట విన్నాక నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. ఫిబ్రవరిలో మూడో అల కాస్త వెనక్కి తగ్గగానే టికెట్ తీశాను.

రైల్లో

మా ఎదుటి సీట్లో ఒక గుజరాతీ పెద్దావిడ, మాస్కు గడ్డం కిందికి దించుకుని, ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంది. డబ్బా మూత తీయగానే మెంతికూర వాసన. థేప్లాలు. మన చపాతీకి మెంతికూర, పసుపు, కాస్త నూనె తోడైతే థేప్లా అవుతుంది, మూడు రోజులైనా మెత్తగానే ఉంటుంది. ఆమె నాకు రెండు ఇవ్వబోతే నేను కరోనా గుర్తొచ్చి వద్దన్నాను. పావుగంట ఓర్చుకున్నాను. తర్వాత నాలుగు తిన్నాను.

ఆమె హిందీ, నా హిందీ రెండూ అంతంత మాత్రమే కాబట్టి బాగా కుదిరింది. తమ్ముడు లావైపోయాడు, పని పోయేలా ఉంది, సరిచేయడానికి పోతున్నాను అని చెప్పగానే ఆ పెట్టెలో ఉన్నవాళ్లంతా వైద్యులైపోయారు. పొద్దున్నే వేడినీళ్లు అన్నారు, నానబెట్టిన మెంతులు అన్నారు, పొద్దుగూకితే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దని ఒకాయన అన్నాడు. ఆయన పొట్ట మాత్రం ఆయన మాట వింటున్నట్టు లేదు. మీ తమ్ముడికి అంత ఆకలి ఎందుకవుతోంది అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నా సంచీలో రెండు కిలోల కొర్రలు ఉన్నాయి, వాటితో వాణ్ణి దారిలో పెడతానని ధీమాగా ఉన్నాను.

భేస్తాన్

తమ్ముడి ఇల్లు సూరత్ శివారు భేస్తాన్‌లో మూడో అంతస్తు, రెండు గదులు. గల్లీలో ఒడియా వినపడుతుంది, మరాఠీ వినపడుతుంది, మూల మీది కిరాణా దుకాణంలో మన తెలుగు వినపడుతుంది. ఎటు తిరిగినా సాంచాల చప్పుడు అడుగున ఉంటుంది. రెండో రోజుకి అది వినపడటం మానేసింది.

తలుపు తీసింది మేనకోడలు. దాని పేరు కింజల్. మా ఇంట్లో తరతరాలుగా వచ్చిన సత్తవ్వ, లచ్చవ్వ, పోశవ్వల తర్వాత కింజల్ పుట్టింది, పక్కింటి గుజరాతీ అమ్మ పెట్టిన పేరట. బీకాం రెండో ఏడు. ఇంట్లో తెలుగు, కాలేజీలో గుజరాతీ, బజార్లో హిందీ మాట్లాడుతుంది, ఒక్కోసారి మూడూ ఒకే వాక్యంలో పడేస్తుంది. నన్ను అత్తమ్మా అనబోయి ఫోయీ అంటుంది, అక్కడ మేనత్తను అలాగే పిలుస్తారు.

దాని వెనక నిలబడ్డ మనిషిని నేను పోల్చుకోలేదు. ముఖం గుండ్రంగా ఉబ్బి, బుగ్గలు ఎర్రగా, కళ్లు చిన్నవైపోయి, మెడ వెనక గూనిలా కండ. పొట్ట లుంగీ మీదికి జారింది. "గిట్ల ఒళ్లు చేసినవేంది రా" అన్నాను నవ్వుతూ, ఏడుపొస్తుంటే. వాడు కూడా నవ్వాడు.

ఆ పూట పద్మ వడ్డించిన పప్పు తియ్యగా ఉంది. ఇరవై రెండేళ్లలో ఆ ఊరి బెల్లం మా పప్పులోకి కూడా దిగింది, పల్లీలు కూడా వేస్తున్నారు. నాకు నచ్చింది, మొదటి ముద్ద తప్ప. రాజేశం తొమ్మిది రొట్టెలు తిన్నాడు, తర్వాత అన్నం, తర్వాత పద్మ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. పద్మ గిన్నె పక్కకి జరిపింది. అది కోపంతో చేసిన పని కాదు, భయంతో చేసింది. గల్లీలో వాళ్లు ఆమెను ఏం పెట్టి మేపుతున్నావమ్మా అని అడుగుతున్నారట.

అక్కను కదా, ఊరుకుంటానా. నోరు కట్టుకోవాలె తమ్మీ, పిల్ల చదువు నీ సాంచాల మీద ఉంది అని ఒక పావుగంట దంచాను. వాడు అంతా విని మెల్లగా ఒక మాటన్నాడు.

"కడుపు నిండుతది అక్కా. ఆకలి పోదు."

ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పిన నేను ఆ మాట విని కూడా వినలేదు. సాకులు చెప్పకు అన్నాను.

నది పక్కన

మూడో రోజు కింజల్ మా ఇద్దర్నీ తాపీ నది ఒడ్డుకి తీసుకుపోయింది, పోంక్ తినడానికి. పోంక్ అంటే ఏదో వింత అనుకున్నాను. తీరా చూస్తే మన ఊచబియ్యమే. లేత జొన్న కంకులు నిప్పుల మీద కాల్చి, గుడ్డలో వేసి బాది, పచ్చటి గింజలు రాల్చి అమ్ముతున్నారు. మనం చేను గట్టు మీద కూర్చుని అరచేతుల్లో నలిపి ఊదుకుని తింటాం. వాళ్లు గుడారాలు వేసి, నిమ్మ కారప్పూసతో, మిరియాల కారప్పూసతో, పంచదార గుళ్లతో కలిపి పావుకిలో నూటయాభైకి అమ్ముతున్నారు. మా నాయన చూసి ఉంటే చేను మొత్తం సూరత్ తోలేవాడు. ఆ తర్వాత లోచో తిన్నాం. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, నూనె, కారం చల్లి, చెంచాతో గీకి పెడతారు. లోచో అంటే గుజరాతీలో గడబిడ అని అర్థమట. ఎవరో ఏదో చేయబోయి పిండి పాడైతే అదే వంటకం అయి కూర్చుందని కింజల్ చెప్పింది.

రాజేశం మూడు ప్లేట్లు తిన్నాడు. నేను లోపల లెక్చరు సిద్ధం చేసుకుంటున్నాను. అంతలో లేద్దామన్నాం. కూర్చున్నది జానెడు ఎత్తు పీట. వాడు లేవలేకపోయాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒకసారి లేవబోయి కూలబడి, రెండోసారి కింజల్ భుజం పట్టుకుని లేచాడు. లుంగీ మడత కింద కాళ్లు కనపడ్డాయి. కట్టెల్లా ఉన్నాయి. చొక్కా చెయ్యి పైకి పోయింది, చెయ్యి కూడా సన్నగా, చర్మం పల్చగా, మీద నీలం మచ్చలు. ఎక్కడ తగిలింది రా అంటే ఎక్కడా తగలలేదన్నాడు.

నేను అక్కడే ఆగిపోయాను. తిని లావైన మనిషికి చేతులూ కాళ్లూ కూడా లావవుతాయి. దానికి నేనే సాక్ష్యం. ముఖం చంద్రుడిలా, పొట్ట కుండలా, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్న మనిషి బొమ్మని నేను ముప్పై ఏళ్లు బోర్డు మీద గీశాను. గ్రంథుల పాఠం, మార్చి పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న. బొమ్మ నడిచి వచ్చి నాతో లోచో తింటుంటే మాత్రం గుర్తుపట్టలేదు.

ఏం గోళీలు వేసుకుంటున్నావు అని అడిగాను.

"ఏం లేదు అక్కా. దవాఖానల ఇచ్చిన తాకత్ గోళీ, గదొక్కటే."

తాకత్ గోళీ

ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా, బలానికని వాడు మింగుతున్న ఆ గోళీ తెమ్మన్నాను. పద్మ కిటికీ గూట్లోంచి ఒక రేకు తెచ్చింది. నేను కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. స్టెరాయిడ్. కరోనాలో ఊపిరి నిలబెట్టిన మందు అదే, ఆ పదకొండు రోజుల్లో వాణ్ణి బతికించింది అదే అయి ఉండొచ్చు. కానీ అది కొన్ని రోజుల మందు. వీడు తొమ్మిది నెలలుగా రోజూ మింగుతున్నాడు. అయిపోయినప్పుడల్లా ఖాళీ రేకు మందుల దుకాణంలో చూపిస్తే కొత్తది ఇస్తున్నారు.

నాకు పట్టరాని సంతోషం వచ్చింది, అబద్ధం ఎందుకు. నేల మీద కూర్చుని, పద్మ పాత కాలెండర్ వెనక మెదడు బొమ్మ గీశాను. మెదడు అడుగున చిక్కుడు గింజంత చోటు ఒకటుంది, ఎంత తినాలో, ఎప్పుడు చాలనాలో అక్కడే తేలుతుంది. కడుపు ఖాళీ అయితే కబురు అక్కడికే పోతుంది, నిండినా అక్కడికే. ఈ మందు ఒంట్లో ఎక్కువ రోజులుంటే ఆ కబుర్లు తారుమారవుతాయి. కడుపు నిండిందన్న కబురు పోయినా అది నమ్మదు, ఇంకా తే అంటుంది. తిన్నదాన్ని కాళ్లకీ చేతులకీ ఇవ్వకుండా ముఖానికీ మెడకీ పొట్టకీ చేరుస్తుంది. కండలు కరిగిస్తుంది. "వీని నోరు మంచిదే, పద్మా. మెదడుకే తప్పుడు కబురు పోతాంది" అన్నాను.

పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. రాజేశం ఆ కాలెండర్ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు.

"అంటే నేను ఆశపోతును గాను గదా అక్కా?"

కాదు రా అన్నాను. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పిల్ల ముందు ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. నేను ఫోన్లో వాణ్ణి అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, నోరు కట్టుకో దగ్గర్నుంచి. తప్పయింది తమ్మీ అని అడిగాను, వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

కళ్లు తుడుచుకున్నాక గెలిచిన గర్వం మళ్లీ వచ్చింది. మా ఆయనకి ఫోన్ చేశాను, నాతో పనిచేసిన ఇద్దరు లెక్చరర్లకి ఫోన్ చేశాను. సోమవారం పెద్ద ఆసుపత్రికి తీసుకుపోతానని ప్రకటించాను. అప్పటికి గురువారం. ఇంత హడావిడిలో చెప్పాల్సిన ఒక్క ముక్క చెప్పడం మరిచిపోయాను. దేవుడి దయ వల్ల తమ్ముడు బతికి బట్టకట్టాడు, లేకపోతే ఈ వ్యాసం ఉండేది కాదు.

కార్ఖానా

శనివారం తమ్ముడు తన కార్ఖానా చూపిస్తానన్నాడు. లోపలికి అడుగుపెట్టగానే చెవులు మూసుకుపోయాయి. అక్కడ ఎవరూ మాట్లాడరు, సైగలు చేస్తారు. పోగు తెగిందంటే ఒక సైగ, దారం చుట్టిన కండె అయిపోయిందంటే ఒక సైగ, చాయ్ వచ్చిందంటే బొటనవేలు పెదవికి. ఒక్కో కారిగర్, అంటే సాంచాలు నడిపే మనిషి, ఎనిమిది, పది సాంచాలు చూసుకుంటాడు, పన్నెండు గంటలు వాటి మధ్య తిరుగుతూనే ఉంటాడు. రెండు వరసల నడుమ దారి ఎంతంటే, నేను పక్కకి తిరిగి ఊపిరి బిగబట్టి కూడా సగం దాకా పోయి వెనక్కి వచ్చాను. రాజేశం ఆ దారి మొదట్లో నిలబడి లోపలికి చూశాడు, అడుగు పెట్టలేదు. అది చూస్తే సేఠ్ మీద కోపం తెచ్చుకోవడం కష్టమైంది.

సేఠ్ చెడ్డవాడు కాదు. సాసర్లో చాయ్ పోసుకుని తాగుతూ, రాజేశం చేతిలో పోగు తెగదు, కానీ పోగు దాకా చెయ్యి చేరొద్దా అన్నాడు. హోలీ మాట మళ్లీ గుర్తుచేశాడు. మాకు చాయ్‌తో పాటు ఖారీ బిస్కెట్లు తెప్పించాడు. నేను రెండు తిన్నాను. రాజేశం ముట్టలేదు, ఆకలిగా లేదన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను. జబ్బు కారణం తెలిసేసరికే సగం నయమైపోయిందని సేఠ్ ముందే అనేశాను. వాడి ముఖం పాలిపోయి ఉంది, మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నాడు. చప్పుడు వల్ల తల తిరుగుతోందనుకున్నాను.

డుమస్

ఆదివారం సూరత్ అంతా డుమస్‌లోనే ఉంటుంది. ఇసుక నల్లగా ఉంటుంది, సముద్రం ఎక్కడో దూరంగా ఉంటుంది, జనం మాత్రం అంగళ్ల దగ్గర ఉంటారు. అక్కడి టమాటా భజియా కోసం. టమాటా చక్రాలుగా కోసి, పైన పచ్చటి చట్నీ రాసి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. మన మిరపకాయ బజ్జీ తినేవాళ్లకి మొదట నవ్వొస్తుంది, కొరికితే నాలుక కాలుతుంది, అయినా ఆపలేం. ప్లేటు అరవై రూపాయలు. రెండేళ్లు ఇళ్లల్లో మగ్గిన జనం మాస్కులు మోచేతికి తగిలించుకుని తింటున్నారు.

రాజేశం ముందు ప్లేటు పెట్టాం. వాడు పక్కకి జరిపాడు. వాసన పడట్లేదన్నాడు. పద్మ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకుని మురిసిపోయాం. ఇంకో నిమిషానికి వాడు లేచి, నాలుగడుగులు వేసి, వాంతి చేసుకుని ఇసుక మీద కూలిపోయాడు. ఒళ్లు చల్లగా, చెమటతో తడిసి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. కింజల్ పప్పా పప్పా అంటూ వాడి తల ఒళ్లో పెట్టుకుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఏమైంది రా అని అరిచాను.

"ఆ గోళీ బంద్ చేసిన అక్కా. గురువారం నుంచి ఏసుకుంట లేను. నువ్వే చెప్పినవ్ గదా, అదే నన్ను ఖరాబ్ చేసిందని."

అదీ నేను చెప్పడం మరిచిన ముక్క. తొమ్మిది నెలలు వాడిన ఆ మందుని ఒక్క రోజులో ఆపకూడదు. ముప్పై ఏళ్లు పాఠంలో చెప్పిన సంగతే. గొప్పలు చెప్పుకోవడంలో పడి, నా తమ్ముడికి చెప్పలేదు. నా జన్మలో అంత భయపడింది లేదు, కరోనా వార్డులో వాడున్నప్పుడు కూడా.

భజియా అంగడాయన మాకు పేరు కూడా చెప్పలేదు. పొయ్యి మంట తగ్గించి, మూకుడు పక్క అంగడి వాళ్లకి అప్పగించి, సరుకు తెచ్చుకునే తన చిన్న వ్యానులో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. దారంతా వెనక్కి చూసి, బెన్, చింతా న కరో, అక్కా దిగులు పడకు అంటూనే ఉన్నాడు. మాట్లాడించండి, కళ్లు మూయనీయకండి అన్నాడు. నేను రాజేశాన్ని చిన్నప్పటి సంగతులన్నీ అడిగాను, వాడు ఊ అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రి

చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. బీపీ పట్టీ కట్టి, రేకు చూసి, ఎన్నాళ్లుగా అని మాత్రం అడిగింది. ఇంకేం అడగకుండా ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ ఎక్కించింది. ఆ ఇంజెక్షన్ కూడా అదే జాతి మందు. రెండు గంటల్లో వాడు లేచి కూర్చుని నీళ్లు అడిగాడు. నేను బయటికి పోయి గోడకి ఆనుకుని కాసేపు ఏడ్చి వచ్చాను.

అప్పుడు ఆమె తీరిగ్గా అడిగింది, ఇన్ని నెలలు వాడమని ఎవరు చెప్పారని. ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు హిందీలో చెప్పాడు, కింజల్ తెలుగులో వాళ్ల నాన్నకి చెప్పింది. ఏం చెప్పావు అని నేను అడిగాను.

"డాక్టర్ సాబ్ అన్నడు, ధీరే ధీరే కమ్ కర్కే బంద్ కర్నా అని. నేను పప్పాకి చెప్పిన, ధీరే ధీరే తగ్గినంక బంద్ చెయ్యాలంట అని" అంది కింజల్. అని, తను అన్నది తనే విని, తగ్గినంక అని మళ్లీ గొణిగింది.

డాక్టరు తగ్గించమన్నది గోళీని. వాళ్ల నాన్నకి అర్థమైంది నీరసం తగ్గాలని. మన భాషలో జ్వరమూ తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది, ధరా తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. జబ్బు తగ్గేదాకా మందు వేసుకోవాలన్నది పుట్టినప్పటి నుంచి వింటున్న మాట. వాడు అలాగే చేశాడు. రెండుసార్లు రేకు అయిపోయి రెండేసి రోజులు మానేస్తే కాళ్లు తేలిపోయాయట, పక్కలోంచి లేవలేకపోయాడట. ఇంకా తగ్గలేదు కాబోలనుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మానేస్తే వచ్చిన నీరసమది. దాన్ని కరోనా నీరసం అనుకున్నాడు.

కింజల్ వెక్కివెక్కి ఏడుస్తోంది, నేనే పప్పాని ఇట్ల చేసిన ఫోయీ అని. ఆ పిల్లని దగ్గరికి లాక్కుని, నాకు అప్పుడే గుర్తొచ్చిన నిజం ఒకటి చెప్పాను. ప్రతి ఆదివారం నేను ఫోన్ చేసి, తగ్గిందా తమ్మీ అని అడిగేదాన్ని. ఇంకా తగ్గలే అక్కా అనేవాడు. "తగ్గేదాకా వాడు మరి అని నేనే చెప్పిన బిడ్డా. నీకు తెలుగు సగమే వస్తది. నాకు మొత్తం వస్తది. నీకన్న పెద్ద తప్పు నాదే" అన్నాను. అది ఏడుపులోనే నవ్వింది.

డాక్టరమ్మకి ఈ మాటల గొడవ హిందీలో వివరించి చెప్పాం. ఆమె నవ్వలేదు. ఇలాంటివాళ్లు ఆ ఏడాది చాలామంది వచ్చారంది. తర్వాత రాజేశానికే సూటిగా చెప్పింది. ఈ మందు మన ఒంట్లో కూడా తయారవుతుంది, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు గ్రంథులు చేస్తాయి, చెయ్యమని వాటికి హుకుం మెదడు నుంచి వస్తుంది. బయటి నుంచి గోళీ రూపంలో సరుకు వచ్చిపడుతుంటే మెదడు హుకుం ఆపేస్తుంది. గ్రంథులు నిద్రపోతాయి. గోళీ ఒక్కసారి ఆపితే లేపేవాళ్లు ఉండరు.

రాజేశం జవాబు నాకు నా పాఠం కంటే బాగా నచ్చింది.

"సమజైంది మేడమ్" అన్నాడు, హిందీలో చెప్పి, మళ్లీ నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు. "లాక్‌డౌన్ల కారిగర్లంత ఊర్లకు పోయిండ్రు గదా అక్కా. కార్ఖానా తెరిచిన్నాడే అందరు వచ్చిండ్రా? ఒక్కొక్కడు, ఒక్కొక్కడు, నెలలు పట్టింది. గిదీ గట్లనే. గ్రంథి గిప్పుడు ఊరికి పోయింది."

డాక్టరమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది. ఊరి నుంచి పిలిపిద్దాం అంది.

గోడ మీది కాగితం

మిగిలిన రోజుల్లో మేం చేసిన పని ఒకటే. ఆమె రాసిచ్చిన పద్ధతిని పెద్ద కాగితం మీద గీసి గోడకి అంటించాం. ఎన్ని వారాలు పూర్తి గోళీ, ఎన్ని వారాలు ముప్పావు, ఎప్పుడు సగం, ఎప్పుడు పావు, నడుమ ఏ రోజు రక్తపరీక్ష. తగ్గు అన్న మాట ఎక్కడా రాయొద్దని నేను హుకుం జారీ చేశాను. అందుకని కింజల్ పూర్తి చంద్రుణ్ణి, ముప్పావు చంద్రుణ్ణి, అర చంద్రుణ్ణి గీసింది. జ్వరమొస్తే, దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో కింద మూడు భాషల్లో రాసింది. తెలుగు అక్షరాలు నేను పక్కన కూర్చుని నేర్పాను, వంకర టింకరగా రాసింది, చాలా బాగున్నాయి.

పద్మ చెప్పకుండానే ఒక మార్పు చేసింది. రాజేశం తినేటప్పుడు ఎదురుగా కూర్చోవడం మానేసి, పక్కన తన పళ్లెం పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. ఆకలి ఇంకా ఉంది, గోళీ ఉన్నన్నాళ్లు ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. కానీ ఆ గదిలో ఎవరూ రొట్టెలు లెక్కపెట్టట్లేదు. నా కొర్రలు కూడా వండారు, ఎవరికీ నచ్చలేదు, నాకు కూడా.

బయల్దేరే ముందు సేఠ్ దగ్గరికి నేనే పోయాను. కాలెండర్ వెనక బొమ్మ వెంట తీసుకుపోయి, సాంచాల చప్పుడులో గొంతు చించుకుని అంతా చెప్పాను. ఆయన మాటలన్నీ వినకపోయినా బొమ్మ చూశాడు, గ్రంథి ఊరికి పోయిందన్న మాట మాత్రం బాగా అర్థమైంది. లాక్‌డౌన్ తర్వాత కారిగర్ల కోసం ఆయన ఎదురుచూసిన రోజులు అలాంటివి. హోలీ మాట వెనక్కి తీసుకున్నాడు. ఒళ్లు కుదుటపడేదాకా కండెలు చుట్టే మెషిన్ దగ్గర కూర్చోమన్నాడు, ఆ పనికి తిరగక్కర్లేదు. సాంచాల మీదికి తాత్కాలికంగా వేరే మనిషి వస్తాడు, మీ తమ్ముడు వచ్చిన రోజు తప్పుకుంటాడు అని చెయ్యి గుండె మీద పెట్టుకుని చెప్పాడు. నేను గెలిచి ఆ కార్ఖానా మెట్లు దిగాను.

తిరుగు రైల్లో నా చుట్టూ కూర్చున్నవాళ్లకి ఈ కథంతా చెప్పాను. ఒకామె తన మోకాళ్ల నొప్పుల గోళీ తీసి చూపించింది. మీ డాక్టర్ని అడగకుండా మానకండి అని మొదట చెప్పాను, ఆ తర్వాతే పేరు చదివాను.

శ్రావణంలో

ఇది రాస్తున్నది శ్రావణ మాసంలో. గోడ మీద చంద్రుడు సన్నటి వంక దాకా వచ్చాడు. పరీక్షల్లో గ్రంథులు మేలుకుంటున్నట్టు తేలిందని కింజల్ కాగితం ఫొటో పంపింది, కింద "మంచిగ ఉంది" అని తెలుగులో రాసి. ముఖం మునుపటి ఆకారానికి వస్తోంది, కింది నుంచి చేతులు ఆనించకుండా లేస్తున్నాడు. పోయిన వారం సాంచాల మధ్య దారిలో ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడట. కారిగర్లంతా చప్పట్లు కొట్టారట, వినపడదు కాబట్టి చేతులెత్తి కొట్టారట.

నిన్న మధ్యాహ్నం వాడే ఫోన్ చేశాడు. గొంతులో ఏదో వింత. ఏమైంది రా అన్నాను, నా గుండె మళ్లీ డుమస్ దాకా పోయొచ్చింది.

"ఏం గాలే అక్కా. అన్నం తింటాన. పళ్లెంల ఇంక ఉంది. నాకు చాలు అనిపిస్తాంది."

ఏడాది దాటింది వాడి నోట ఆ మాట విని. మళ్లీ చెప్పు అన్నాను. చాలు అనిపిస్తాంది అక్కా అని మళ్లీ చెప్పాడు. వెనక నుంచి పద్మ గొంతు వినపడింది, ఒకప్పుడు గిన్నె పక్కకి జరిపిన మనిషి గొంతు.

"గంతేనా? జర ఇంకో రెండు ముద్దలు తినరాదూ?"